అప్‌డేట్: 'ఐ కుడ్ ఫిక్స్ ఇట్' గొడవ తేలింది

బెంగళూరు ఆఫీసు మీటింగ్‌లో నేను 'నిన్న బగ్ (ప్రోగ్రామ్‌లో లోపం) సరిచేయగలిగాను' అనే ఉద్దేశంతో 'ఐ కుడ్ ఫిక్స్ ద బగ్ యెస్టర్డే' అంటే, మేనేజర్ 'మరి ఎందుకు చేయలేదు?' అన్నారని, అలా ఎందుకన్నారని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. నేనేమో చేసేశాను!

అందరికీ థాంక్స్. 'వాజ్ ఏబుల్ టు' వాడమన్న సలహానే పనిచేసింది. మారతహళ్లిలో మా పక్కింటి ఇంగ్లీష్ టీచరు గారూ అదే చెప్పారు. 'చిన్నప్పుడు ఈత కొట్టగలిగేవాణ్ణి' లాంటి మామూలు సామర్థ్యానికైతే కుడ్ సరే. ఒక్కసారి చేసి ముగించిన పనికి వాజ్ ఏబుల్ టు, లేదా మేనేజ్డ్ టు. 'చేయగలిగాను' అన్నదాన్ని నేను నేరుగా కుడ్ చేసేశాను, అదే తప్పు. చేయలేకపోతే మాత్రం కుడెంట్ అనేయొచ్చట.

కామెంట్లలో వచ్చిన నా ఉచ్చారణ మీద అనుమానం, కెన్ కన్నా కుడ్ మర్యాదన్న చర్చ, రెండూ దీనికి సంబంధం లేనివే.

ఇప్పుడైతే 'ఐ ఫిక్స్‌డ్ ఇట్' అనేస్తున్నా.