కెమికల్ బీటెక్ అయింది, ప్లాంటా ఐటీనా?

చెన్నైలో కెమికల్ బీటెక్ అయిపోయిందండి. రెండు ఆఫర్లున్నాయి, ఒకటి మణలి వైపు ప్లాంట్‌లో ట్రెయినీ, షిఫ్టులు, ఇంకోటి ఐటీ, జీతం దీన్లోనే ఎక్కువ. నాన్న ఐటీయే అంటున్నారు, నాకేమో నాలుగేళ్లు చదివింది వదిలేయాలంటే మనసొప్పట్లేదు. ఏం చేయమంటారు?

— తమ్ముడూ, ప్లాంట్‌కే వెళ్లు. నేనూ అలాగే మొదలుపెట్టా, మొదటి నెలంతా పీ అండ్ ఐడీ షీటు (పైపులు, వాల్వులు, మీటర్లు చూపే ప్లాంట్ డ్రాయింగ్) పట్టుకుని పైపులైను వెంట నడుస్తూ ఒక్కో వాల్వూ వెతికి టిక్కు పెట్టడమే పని, అప్పుడు విసుగొచ్చింది గానీ తర్వాత డిజైన్ ఆఫీసుకి మారి హైసిస్‌లో (ప్లాంట్‌ని కంప్యూటర్లో నడిపి చూసే సాఫ్ట్‌వేర్) పంపు పెడుతుంటే దాని చప్పుడు చెవిలో వినిపించేది, కావిటేషన్ వస్తే, అంటే పంపులో ఆవిరి బుడగలు పుట్టి పగులుతుంటే, లోపల గులకరాళ్లు ఆడినట్టుంటుంది. ప్లాంట్ నుంచి డిజైన్‌కి రావచ్చు, ఐటీలో మూడేళ్లుండి వెనక్కి రావడం చాలా కష్టం. నైట్ షిఫ్టులు మాత్రం ఒంటికి పడాలి.

— గేట్ రాశావా? స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది, చాలా పీఎస్‌యూలు (ప్రభుత్వ రంగ సంస్థలు) దాంతోనే ఉద్యోగాలకి పిలుస్తాయి. మణలిలోనే సీపీసీఎల్ (చెన్నై పెట్రోలియం) రిఫైనరీ ఉంది, అదీ పీఎస్‌యూనే, ఏడాదికి 1.05 కోట్ల టన్నుల కెపాసిటీ. షిఫ్ట్ ఆఫ్‌లలో చదువుకో.

— ఇంట్లో అప్పుంటే ఐటీకెళ్లడం తప్పేం కాదు. ఎడ్యుకేషన్ లోన్ కోసం నేనదే చేశా, బాధలేదు. లోన్ ఉందా నీకు?

— లేదన్నా. రేపు నాన్నతో కూర్చుని మాట్లాడతా.