ఇల్లు మామగారి పేరు మీద ఉంటే కోడల్ని వెళ్లగొట్టొచ్చా?

కాకినాడ_లక్ష్మి: మా మరిది తాగొచ్చి మా చెల్లిని కొడుతున్నాడు. అత్తమామలేమో "ఇల్లు మా పేరు మీద ఉంది, బట్టలు సర్దుకో" అంటున్నారు. పాప స్కూలు ఆ వీధిలోనే. విడాకుల కేసు వేయకుండా అక్కడే ఉండే దారి ఉందా?

రిటైర్డ్_మాస్టారు: లేదమ్మా. దస్తావేజు ఎవరి పేరున ఉంటే ఇల్లు వాళ్లది. 2006లో బాత్రా కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. అయినా మా కోడలు ఆర్డర్ తెచ్చుకుంది. పీఎఫ్ డబ్బంతా పోసి కట్టుకున్న ఇంట్లో పొయ్యి మీద ఒక బర్నర్ ఆమెది, ఒకటి మా ఆవిడది. ఏడాదిగా ఇదే బతుకు.

ఓరుగల్లు_వకీలు: మాస్టారూ, ఆ తీర్పు ఇప్పుడు చెల్లదు. 2020 అక్టోబరులో సతీష్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టే, ముగ్గురు జడ్జీలతో, దాన్ని తప్పంది. ఇల్లు అత్తమామలదైనా, కోడలు కాపురం చేసిన ఇల్లయితే ఉండనివ్వమని గృహహింస చట్టం కింద అడగొచ్చు. అంటే వాటా వచ్చినట్టు కాదు. పెద్దవాళ్ల ఇబ్బందీ కోర్టు చూస్తుంది, వేరే ఇల్లు అద్దెకు ఇప్పించమనీ అనొచ్చు. లక్ష్మి గారూ, విడాకులతో పనిలేదు. గృహహింస కేసుల్లో సాయం చేసే ప్రభుత్వ అధికారి, మీ జిల్లా రక్షణ అధికారిని (ప్రొటెక్షన్ ఆఫీసర్) కలవండి, ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకి ఉచిత న్యాయ సహాయం ఉంది.

నెల్లూరు_కుర్రాడు: మా అన్న మీద తప్పుడు కేసు పెట్టారు, ఉద్యోగం పోయింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

సిరి_ఖమ్మం: మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయించండి అక్కా. 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా నాకు మూడేళ్లు పట్టింది, ఓపిక పట్టాలి.

రిటైర్డ్_మాస్టారు: వాటా కాకపోతే మరేంటి? నా ఇంటి తాళంచెవి ఆమె చేతిలో ఉంది. నేనడిగేది ఒక్కటే, రిజిస్ట్రేషన్ ఎవరిది?

కాకినాడ_లక్ష్మి: రిజిస్ట్రేషన్, రిజిస్ట్రేషన్! మీ అబ్బాయి ఆ అమ్మాయిని కొట్టాడా లేదా, అది చెప్పండి ముందు.

రిటైర్డ్_మాస్టారు: కొట్టాడు. నేను హాల్లోనే ఉన్నా, టీవీ సౌండ్ పెంచుకున్నా. ఏం చేయమంటావు? వాడొక్కడే కొడుకు. వాణ్ని పొమ్మంటే రేపు మమ్మల్ని ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు?

కాకినాడ_లక్ష్మి: అందుకని దెబ్బలు తిన్నదే పోవాలా? వకీలు గారూ, కొట్టినవాణ్నే బయటికి పంపమని అడగొచ్చా?

ఓరుగల్లు_వకీలు: అడగొచ్చు, 19వ సెక్షన్‌లో ఉంది. ఆడవాళ్లని మాత్రం ఆ సెక్షన్ కింద పంపలేరు, కాబట్టి అత్తగారు ఉంటారు.

కాకినాడ_లక్ష్మి: ఉండనివ్వండి. సోమవారం రక్షణ అధికారి దగ్గరికి వెళ్తున్నాం.