సమస్యాపూరణం: పొగయె లేని చుట్ట పొగడఁ దగును

నిర్వాహకుడు: ఈ వారం పాదం పైనే ఉంది. తిరుచ్చి పక్కన ఉరైయూరు చుట్టపనివాళ్ళను తలుచుకుంటుంటే తట్టింది. తిరుచ్చి చుట్ట పేరు ఇంగ్లండు దాకా పోయిందంటే వాళ్ళ వేళ్ళ చలవే. తిరుపతి, చిత్తూరు కవులు ముందు రావాలి.

చంద్రగిరి:
ఈనె తీసి తడిపి యింపుగా నాకును
బిగువు చెడక చుట్టి పిండి జిగురు
పూసి కొనను నొక్కు పూర్వుల పనిఁ జూడ
పొగయె లేని చుట్ట పొగడఁ దగును

స్వర్ణముఖి: వెలిగించకముందే పనివాడికి దండం పెట్టించారు, భేష్! అయితే ‘చూడ’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ దాగి ఉన్న మాట. తర్వాత ‘బొగయె’ రావాలి, ఇచ్చిన పాదం చెడుతుంది. ఇంకోటి, ‘తడిపి’ అంటే ముంచడం అనుకునేరు. ఆకుకు తేమ పదును చాలు. ఆరితే చిట్లుతుంది, తడి ఎక్కువైతే బూజు పడుతుంది. బిగువు కూడా అంతే. మరీ బిగిస్తే పొగ లాగదు, వదులైతే గబగబా కాలి నాలుక మండుతుంది. పైఆకును ఏటవాలుగా కోసి మెలిగా చుట్టాలి. ఎడమ సగాన్ని ఒక దిక్కుకు, కుడి సగాన్ని దానికి ఎదురుగా తిప్పితేనే ఈనెలు చుట్ట పొడవునా పడతాయి. ఇది పద్యంలోకి వచ్చుంటే ఇంకా బాగుండేది.

పలమనేరు:
ఏడుకొండలయ్య కింపైన నెలవౌచు
గిరిగ శేషుఁ డయ్యెఁ గీర్తి మెఱయ
బీడి సిగరెటులటఁ బెదవిఁ జేరఁగరాదు
పొగయె లేని చుట్ట పొగడఁ దగును

స్వర్ణముఖి: శేషుడి చుట్ట! తిరుమలలో పొగ నిషేధం కూడా కలిసొచ్చింది. ఈ వారానికి ఇదే నా ఓటు.

పుత్తూరు: ‘ఏ’కు ‘కిం’ యతా అన్నా?

నిర్వాహకుడు: అయ్యకు + ఇంపైన. సంధిలో కలిసిన అచ్చుకు యతి చెల్లుతుంది.

పుత్తూరు: సరే, ఒప్పుకున్నా. కానీ ఈయనే కిందటిసారి లంకపొగాకును రావణుడి తోటలో పండించారు. అది గోదావరి లంకల ఆకు స్వామీ! వరద తెచ్చిన ఒండ్రులో పెరిగే ఘాటైన ఆకు. చుట్టకు దాన్ని మించింది లేదని అక్కడివాళ్ళ మాట.

పలమనేరు: అది శ్లేష కోసం రాసింది. మీ పూరణ ఏదీ? మూడు వారాలుగా తప్పులు పట్టడమే గాని పద్యం పెట్టింది లేదు.

పుత్తూరు: రాత్రికి పెడతా. ద్రుతం, యతి రెండూ చూసుకునే పెడతా.

చంద్రగిరి: స్వర్ణముఖి గారూ, మూడో పాదం మార్చాను: ‘పూసి కొనను నొక్కు పూర్వుల పని గాదె’.

స్వర్ణముఖి: ఇప్పుడు కుదిరింది. ద్రుతం పోయింది, భావం కూడా బిగిసింది.