గవర్నర్ గారికి రాసే లేఖలో సంబోధన ఎలా ఉండాలి?

ప్రశ్న: నమస్కారం. సికింద్రాబాద్‌లోని మా కాలనీ గ్రంథాలయ వార్షికోత్సవానికి గవర్నర్ గారిని ఆహ్వానిస్తూ తెలుగులో లేఖ రాస్తున్నాను. ‘మహాఘనత వహించిన’ అని మొదలుపెట్టాలని మా పెద్దలు పట్టుబడుతున్నారు. ఇప్పటికీ అలా రాయాలా?

జవాబు: అక్కరలేదండీ. ప్రణబ్ ముఖర్జీ గారు రాష్ట్రపతిగా ఉండగా, 2012లో, దేశంలోపలి వ్యవహారాలలో ‘ఎక్సలెన్సీ’ అనే సంబోధనను మాని, పదవికి ముందు ‘ఆనరబుల్’ అని వాడాలని నిర్ణయించారు. విదేశీ ప్రముఖులతో జరిపే వ్యవహారాలకు మాత్రం పాత పద్ధతినే ఉంచారు. తెలుగులో ‘గౌరవనీయ’ అన్న మాట దీనికి చక్కగా సరిపోతుంది. పై వరుసలో ‘గౌరవనీయ తెలంగాణ గవర్నర్ గారికి’ అని రాసి, కింద ‘అయ్యా’ లేదా ‘అమ్మా’ అని, చివర ‘భవదీయుడు’ అని రాస్తే మర్యాదకు ఏ లోటూ ఉండదు. ‘దివ్యసముఖమునకు’ వంటివి రాచరికపు రోజుల మాటలు. ప్రజాస్వామ్యంలో పౌరుడు రాసే లేఖకు అవి నప్పవని నా గట్టి అభిప్రాయం.

మరో జవాబు: వేదికపై పద్మ పురస్కార గ్రహీతలు ఎవరైనా ఉంటే, ఆహ్వానపత్రికలో వారి పేరుకు ముందు ‘పద్మశ్రీ’ అని అచ్చువేయించకండి. ఆ పురస్కారాలను పేరుకు ముందు గానీ వెనుక గానీ బిరుదుగా వాడరాదని సుప్రీంకోర్టు 1995లోనే స్పష్టం చేసింది.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. మా పత్రికలో సరిగ్గా ఆ తప్పే ఉంది. ప్రెస్సుకు వెళ్లకముందే దిద్దుతున్నాను.