ఐబీడీలో (పేగుల్లో ఏళ్ల తరబడి ఉండే వాపు జబ్బు) ఇమ్యూనిటీ ఎక్కువైందనాలా, తక్కువైందనాలా?

రాజోలు_మందులషాపు (ప్రశ్న)

పెద్దపేగు బయాప్సీ రిపోర్టు పట్టుకొచ్చేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్నండి: "ఇది ఇమ్యూనిటీ ఎక్కువై వచ్చిందా, తక్కువై వచ్చిందా?" ఒక చేతిలో ఇమ్యూనిటీని తగ్గించే అజాథయోప్రిన్ చీటీ ఉంటుంది, ఇంకో చేతిలో ఇమ్యూనిటీ పెంచుతుందని ఎవరో ఇచ్చిన తిప్పతీగ మాత్రలు. రెండూ కలిపి వేసుకోవచ్చా అంటారు. రిపోర్టులో న్యూట్రోఫిల్స్, క్రిప్టైటిస్, క్రిప్ట్ ఆబ్సెస్, బేసల్ ప్లాస్మాసైటోసిస్ అని రాసి ఉంటుంది. ఏ కణం ఏం చేస్తోంది, ఏ మందు ఎవరిని ఆపుతుంది, తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి. మన డెల్టాలో స్టెరాయిడ్ మొదలెట్టేముందు చూడాల్సినవి కూడా.

స్లైడు_కాకినాడ

ఎక్కువా తక్కువా అంటే తేలదండి, అదుపు తప్పిందనాలి. ఆరోగ్యంగా ఉన్న పేగు పొరలోనూ లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు, మాక్రోఫేజిలు అనే రోగనిరోధక కణాలు బోలెడు ఉంటాయి. అవి తిండితోనూ, అక్కడ కాపురమున్న బ్యాక్టీరియాతోనూ తగువు పెట్టుకోకుండా రెగ్యులేటరీ టీ కణాలు, ఐఎల్-10 అనే సంకేత ప్రొటీన్ ఆపుతుంటాయి. ఐఎల్-10 రిసెప్టర్ జన్యువు పుట్టుకతోనే పనిచేయని పసిపిల్లలకు నెలల వయసులోనే తీవ్రమైన పేగువాపు వస్తుంది. ఆ అదుపు ఎంత ముఖ్యమో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇక రిపోర్టు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు క్రిప్ట్ (పేగు పొరలోని సన్నని గుంట) గోడలోకి దూరితే క్రిప్టైటిస్, క్రిప్ట్ లోపల పోగుపడితే ఆబ్సెస్. ఇవి చెప్పేది ప్రస్తుతం వాపు రగులుతోందని మాత్రమే. బ్యాక్టీరియా జిగట విరేచనాల్లోనూ ఇలాగే కనిపిస్తాయి. ఎన్నాళ్లుగా ఉందో చెప్పేవి వేరే: క్రిప్టులు కొమ్మలు వేయడం, పొట్టిబడటం, వాటి అడుగున ప్లాస్మా కణాలు పేరుకోవడం (బేసల్ ప్లాస్మాసైటోసిస్). అందుకే విరేచనాలు మొదలైన వారంలోపే తీసిన ముక్క చూసి "అల్సరేటివ్ కొలైటిస్" (పెద్దపేగుకు వచ్చే ఐబీడీ) అని ముద్ర వేయకూడదు.

చిన్నపేగు చివర, సీకం (పెద్దపేగు మొదలు) దగ్గర పుండ్లుంటే క్రోన్స్ జబ్బా (ఐబీడీలో ఇంకో రకం), పేగు టీబీయా అన్నదే మన దేశంలో అసలు తలనొప్పి. పెద్దవీ, ఒకదానితో ఒకటి కలిసిపోయినవీ, మధ్యలో కుళ్లినవీ అయిన గ్రాన్యులోమాలు (రోగనిరోధక కణాల ముద్దలు) టీబీ వైపు లాగుతాయి. అవి లేనంత మాత్రాన టీబీ కాదనలేం. ముక్కలన్నీ ఫార్మలిన్‌లో వేసి పంపేస్తే టీబీ కల్చర్ (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) దారి మూసుకుపోయినట్టే. కల్చర్‌కీ, టీబీ జన్యు పరీక్ష జీన్ ఎక్స్‌పర్ట్‌కీ విడిగా నార్మల్ సెలైన్‌లో పంపాలి.

పేగువైద్యం_భీమవరం

పై మాటకు కొనసాగింపు. పేగు పొర దాటి వచ్చిన బ్యాక్టీరియా ముక్కలను డెండ్రైటిక్ కణాలు, మాక్రోఫేజిలు పట్టుకుని ఐఎల్-12, ఐఎల్-23 వదులుతాయి. వాటితో టీహెచ్1, టీహెచ్17 అనే టీ కణాలు రెచ్చిపోతాయి. మాక్రోఫేజిలూ టీ కణాలూ కలిసి టీఎన్ఎఫ్ అనే వాపు పెంచే ప్రొటీన్ పోస్తాయి. దాంతో పైపొర కణాలు చచ్చి సందులు పడతాయి, ఇంకా బ్యాక్టీరియా లోపలికి వస్తుంది. చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది.

మందులన్నీ ఈ చక్రంలో ఎక్కడో ఒకచోట అడ్డుపడేవే. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ టీఎన్ఎఫ్‌ను పట్టేస్తాయి. ఉస్టెకినుమాబ్ ఐఎల్-12, 23 రెంటినీ ఆపుతుంది. వెడోలిజుమాబ్ దారి వేరు: టీ కణం మీదున్న ఆల్ఫా4బీటా7 అనే కొక్కేన్ని మూసేస్తుంది, ఆ కణం రక్తంలోంచి పేగులోకి దిగలేదు. పని దాదాపు పేగుకే పరిమితం కాబట్టి ఇన్ఫెక్షన్ల బెడద తక్కువ. టీహెచ్17 కణాలు వదిలే ఐఎల్-17ను ఆపితే క్రోన్స్ తగ్గుతుందనుకుని సెక్యుకినుమాబ్ ఇచ్చి చూస్తే ముదిరింది. పేగు గోడను కాపాడటంలోనూ ఐఎల్-17కు పాత్ర ఉందన్నమాట. అందుకే ఏ కణం మంచిది, ఏది చెడ్డది అని గీత గీయడం నాకు నచ్చదు.

టీబీ బ్యాక్టీరియాను గ్రాన్యులోమా గట్టు కట్టి ఆపుతుంది, ఆ గట్టును నిలబెట్టేది టీఎన్ఎఫ్. దాన్ని తీసేస్తే గండి పడుతుంది. అందుకని టీఎన్ఎఫ్ మందుకు ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ (చర్మం మీద చేసే టీబీ పరీక్ష) లేదా ఇగ్రా (రక్తంతో చేసే టీబీ పరీక్ష), హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బి పరీక్ష) తప్పనిసరి. స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లలో మాంటూ 5 మి.మీ. ఉన్నా పాజిటివే.

డెల్టాకు ప్రత్యేకంగా రెండున్నాయండి. ఒకటి అమీబా. దాని పుండ్లు చూడ్డానికి కొలైటిస్‌లాగే ఉంటాయి, అది తెలియక స్టెరాయిడ్ ఇస్తే పేగు చిల్లు పడొచ్చు. మలం అరగంటలోపు సూక్ష్మదర్శిని కింద చూడాలి, ఎర్రకణాలు మింగిన ట్రోఫోజాయిట్ల (కదిలే దశలోని అమీబాల) కోసం. రెండోది స్ట్రాంగిలాయిడిస్ నులిపురుగు. చెప్పుల్లేకుండా బురదచేల్లో దిగేవాళ్లకు అరికాలి చర్మంలోంచి ఎక్కుతుంది, ఏళ్ల తరబడి దాక్కుంటుంది. స్టెరాయిడ్ పడగానే ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. ఇయోసినోఫిల్స్ (పురుగులుంటే పెరిగే తెల్లకణాలు) లెక్క స్టెరాయిడ్‌కు ముందే చూడాలి, తర్వాత అవి ఎలాగూ పడిపోతాయి. ఒక్క మలపరీక్షలో దొరక్కపోవచ్చు, మూడు రోజులు పంపించండి. ఉంటే ఐవర్‌మెక్టిన్ ఇవ్వాలి, ఆల్బెండజోల్ ఒక్క మాత్రతో పోదు.

ల్యాబు_అమలాపురం

కాల్‌ప్రొటెక్టిన్ గురించి ఎవరూ అనలేదు. న్యూట్రోఫిల్ లోపలుండే ప్రొటీన్ అది. పేగులోకి ఎన్ని న్యూట్రోఫిల్స్ వస్తున్నాయో మలంలో దాని కొలతే చెబుతుంది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు మామూలు, 250 దాటితే వాపు గట్టిగా ఉన్నట్టు. మధ్యలో వస్తే కొన్ని వారాలాగి మళ్లీ చూడాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, కాబట్టి చీటీ మీద ఆ సంగతి రాయించుకోండి. ఉదయం మొదటి మలం, మూత్రం కలవకుండా. బయటి ఊరి ల్యాబుకు పంపేటప్పుడు మే నెల ఎండలో డబ్బా బస్సు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే విలువ తగ్గి వస్తుంది.

రాజోలు_మందులషాపు

అందరికీ థాంక్సండి. తిప్పతీగ సంగతి మిగిలిపోయింది. అడాలిముమాబ్ ఐస్ మీద పెట్టి పంపుతున్నాం, అది సరైనదేనా?

పేగువైద్యం_భీమవరం

తిప్పతీగ వద్దనే చెప్పండి. దానివల్ల లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే ప్రచురించారు, కొన్ని ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లా కనిపించాయి. అజాథయోప్రిన్ కూడా లివర్ మీద పడగలదు, తర్వాత తప్పు దేనిదో తేల్చలేం.

అజాథయోప్రిన్ కొత్తగా పుట్టే లింఫోసైట్లను ఆపుతుంది, ఉన్నవాటిని కడిగెయ్యదు. కాబట్టి ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. పనిచేయడం లేదని మధ్యలో మానేసేవాళ్లే ఎక్కువ. మోతాదు రోజుకు, ఒంటి బరువు కిలోకు 2 నుంచి 2.5 మి.గ్రా. ఎన్‌యూడీటీ15 జన్యువులో తేడా ఉన్నవాళ్లకు తెల్లకణాలు హఠాత్తుగా పడిపోతాయి, మనవాళ్లలో ఇది అరుదేం కాదు. మొదటి రెండు నెలలు వారానికో, రెండు వారాలకో సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించాలి. జుట్టు కుచ్చులుగా ఊడినా, జ్వరమొచ్చినా, నోరు పూసినా మందు ఆపి అదే రోజు సీబీసీ. గౌటు మాత్ర అల్లోప్యూరినాల్ అదే చీటీలో కనబడితే ఇవ్వకుండా ముందు డాక్టరుకు ఫోన్ చెయ్యండి.

అడాలిముమాబ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐసుకు నేరుగా తగిలి గడ్డకడితే కరిగాక కూడా పనికిరాదు. మధ్యలో గుడ్డ గానీ అట్ట గానీ పెట్టండి.