డీకాఫ్ పొడితో ఫిల్టర్ డికాక్షన్ దిగడం లేదు

తిరుపతిలో స్టీలు ఫిల్టర్‌తోనే కాఫీ పెడతాం. 80 పాళ్లు కాఫీకి 20 పాళ్లు చికోరీ కలిపిన పొడి 40 గ్రాములకు 200 మి.లీ. మరిగిన నీళ్లు పోస్తే ఇరవై నిమిషాల్లో చిక్కటి డికాక్షన్ దిగుతుంది. అదే కొలతలో డీకాఫ్, అంటే కెఫీన్ తీసేసిన కాఫీ పొడి వేస్తే నాలుగు చుక్కలు పడి ఆగిపోతోంది. గంట తర్వాత చూసినా నీళ్లు పైనే ఉంటాయి, దిగినది చేదు.

గింజలు స్విస్ వాటర్ పద్ధతివి, అంటే రసాయనాలు లేకుండా నీళ్లు, కార్బన్ ఫిల్టర్లతో కెఫీన్ తీసినవి. ఏ పద్ధతిలోనైనా పచ్చిగింజ నాని ఆరుతుంది కాబట్టి, వేయించాక పెళుసుగా ఉండి మరలో మెత్తటి దుమ్ము ఎక్కువ రాలుతుంది. జల్లెడ అడుగున అది చేతికి పిండిలా అంటుతోంది. చిల్లులు మూసేది అదేనని నా అనుమానం.

పైన పెట్టే చిల్లుల బిళ్ళ నొక్కకుండా వదిలాను, లాభం లేదు. బరకగా ఆడిస్తే అయిదు నిమిషాల్లో జారిపోయి, పాలు పోయగానే తెల్లబడుతోంది. దుమ్ము జల్లించి తీసేస్తే దిగుతోంది గానీ చిక్కదనం పోతోంది. చికోరీ పూర్తిగా మానేసినా అంతే. చికోరీలో ఎలాగూ కెఫీన్ ఉండదు, కాబట్టి దాన్ని వాడటానికి నాకు అభ్యంతరం లేదు.

డీకాఫ్‌ను ఇదే ఫిల్టర్‌లో చిక్కగా దించుతున్నవాళ్లు పొడి ఎంత బరకగా, చికోరీ ఎంత శాతం పెడుతున్నారండీ?