నాయన పేరు మీద ఏటా 60 వేలు: కాలేజీ పిల్లలకు ఎట్లా ఇస్తే అక్కరకొస్తుంది?

చందంపేట రోడ్డు

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో ఒక గోదాములో సూపర్‌వైజర్‌ని. మా నాయన జూనియర్ కాలేజీలో అటెండర్‌గా చేసి రిటైరయ్యారు, పోయిన ఏడాది కాలం చేశారు.

ఇంటర్ పరీక్ష ఫీజు కట్టే నెల వచ్చిందంటే మా ఇంట్లో అమ్మకూ నాయనకూ మాటలుండేవి కావు. ఎందుకో నాకు చాలా ఏళ్లు తెలియలేదు. ఆఖరు తేదీ నాడు పైసలు లేక వరండాలో నిలబడ్డ పిల్లలకు ఆయన జీతంలోంచి కట్టేవారట. కొందరు తిరిగిచ్చారు, కొందరు ఇవ్వలేదు. ఇవ్వనివాళ్ల పేర్లు అమ్మకు కూడా చెప్పలేదు.

సంవత్సరీకానికి మూడు వందల మందికి భోజనాలు పెడదామనుకున్నాం. అమ్మే వద్దంది. "మీ నాయన పెట్టింది భోజనాలు కాదు, ఫీజులు" అంది. నేనూ మా చెల్లె కలిసి ఏడాదికి 60 వేలు తీయగలం. అమెరికాలో ఉన్న మా చిన్నాయన కొడుకు కూడా కొంత కలుపుతానంటున్నాడు.

కాలేజీ వార్షికోత్సవంలో పదిమందికి ఆరేసి వేలు ఇమ్మని ఒకరు, ఏదైనా ట్రస్టుకు ఇమ్మని ఒకరు అంటున్నారు. ఒకరిద్దరినే పట్టుకుని చివరిదాకా చదివించాలని నా మనసులో ఉంది. "ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, ఇంక మనమెందుకు?" అని నా దోస్తు అడిగాడు. నాకు జవాబు తోచలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నల్గొండ లెక్చరర్ (రిటైర్డ్)

తమ్ముడూ, ముందు మీ దోస్తుకు జవాబు. నేను నల్గొండలో డిగ్రీ పిల్లలకు ఇరవై ఎనిమిదేళ్లు ఎకనామిక్స్ చెప్పాను. రీయింబర్స్‌మెంట్ వల్ల ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చిన పిల్లల్ని ఎందరినో చూశాను, దాన్ని తక్కువ చేయను. కానీ బీసీ పిల్లల ఇంటి ఆదాయం పల్లెల్లో ఏడాదికి లక్షన్నర దాటితే అది రాదు. ఎస్సీ, ఎస్టీలకు కూడా ఆదాయానికి ఒక హద్దు ఉంది. ఇంజినీరింగ్‌లో బీసీలకు ర్యాంకు పదివేలు దాటితే మామూలుగా 35 వేల వరకే ఇస్తారు, మిగతాది ఇంట్లోంచి తేవాలి. అన్నిటికంటే పెద్ద కష్టం, వచ్చే డబ్బు వేళకు రాకపోవడం. ప్రభుత్వం నుంచి బకాయి రాకపోతే కొన్ని కాలేజీలు పిల్లల్నే అడుగుతాయి.

నా దగ్గర చదివిన ఒక తండా అమ్మాయి గురించి చెప్తాను. నా దగ్గర రెండేళ్లు చదివి, మూడో ఏడు ఇంటి ఇబ్బందుల వల్ల వేరే ఊరిలో ప్రైవేటు కాలేజీకి మారింది. డిగ్రీ పాసయింది, బీఈడీలో సీటొచ్చింది. చేరాలంటే టీసీ, మెమోలు కావాలి. 14 వేలు కడితేనే ఇస్తామన్నారు. పత్తి అమ్మగానే కడతానని తండ్రి బతిమాలాడు. పత్తి ఏరడం మొదలుకాక ముందే చేరే గడువు అయిపోయింది. ఆ అమ్మాయి మొహమాటంతో నాకు ఫోన్ చేయలేదు, మూడు నెలల తర్వాత బస్టాండ్‌లో కలిసి చెప్పింది. ఆ 14 వేలు ఆ రోజు నా బ్యాంకులో ఉన్నాయి తమ్ముడూ. ఇప్పటికీ నాకు నిద్రలో గుర్తొస్తుంది.

అందుకే వార్షికోత్సవం చెక్కులు వద్దంటాను. మా దగ్గర ఆ ఫంక్షన్ ఫిబ్రవరిలోనో మార్చిలోనో జరిగేది. అప్పటికి పిల్లవాడు అప్పన్నా తెచ్చి ఉంటాడు, చదువన్నా మానేసి ఉంటాడు. పైగా స్టేజీ మీదికి పిలిచి, మైకులో "నిరుపేద విద్యార్థి" అంటారు. ఒకసారి పేరు పిలిస్తే ఒక అబ్బాయి లేవలేదు. వెనక బెంచీలోనే ఉన్నాడు, నాకు కనిపిస్తున్నాడు. మర్నాడు స్టాఫ్ రూముకు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ తర్వాత నేనెవరినీ స్టేజీ మీదికి పిలవనివ్వలేదు.

మీరు సగం డబ్బు ఇద్దరు పిల్లలకు నెలనెలా ఇవ్వండి, మూడేళ్లూ ఆపకుండా. మిగతా సగం అట్లాగే ఉంచండి. డిగ్రీలో ఆరు సెమిస్టర్లు, ఆరుసార్లు పరీక్ష ఫీజు. గడువు దాటితే ఫైన్. మీ నాయన చూసుకున్నది ఆ ఆఖరి తేదీనే కదా. ఎవరికి అవసరమో లెక్చరర్లకు, ఆఫీసులో క్లర్కుకు, అటెండర్‌కు తెలుస్తుంది. వాళ్లలో నమ్మకమైన ఒకరి దగ్గర మీ నంబరు ఉంటే చాలు. డబ్బు కాలేజీలో పిల్లల పేరు మీద కట్టి రశీదు తీసుకోండి.

ఇంకొకటి. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మగపిల్లలు పాస్ కొనుక్కోవాలి. పాస్ అయిపోయిన వారం కాలేజీకి రానివాళ్లు ఉంటారు. అడిగితే జ్వరమంటారు.

వనపర్తి సంస్థానంలో పుట్టిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారు 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పెట్టించారు. పల్లె నుంచి పట్నం వచ్చిన పిల్లవాడికి ఉండే చోటు, తినే ముద్ద దొరకక చదువు ఆగుతుందని ఆయనకు తెలుసు. ఇవాళ కూడా నేను ముందు మెస్ బిల్లు గురించే అడుగుతాను.

మిర్యాలగూడ అకౌంట్స్

సార్ చెప్పినదానికి లెక్కల సంగతి కలుపుతున్నాను. నేరుగా పిల్లలకు ఇస్తే మీకు టాక్స్ మినహాయింపు రాదు. 80జీ (విరాళాలకు టాక్స్ మినహాయింపు గుర్తింపు) ఉన్న ట్రస్టుకు ఇస్తే చాలావాటికి ఇచ్చినదాంట్లో సగం మినహాయింపు ఉంటుంది. అదీ పాత పద్ధతిలో రిటర్న్ వేస్తేనే, కొత్త పద్ధతిలో లేదు. 2 వేలు దాటి నగదు ఇస్తే దానికీ లేదు. బంధువులు కానివారి నుంచి ఒకరికి ఏడాదిలో మొత్తం 50 వేలు దాటి కానుకగా వస్తే అది వాళ్ల ఆదాయం కింద లెక్క. మీరిచ్చేది అంత ఉండదు కాబట్టి టెన్షన్ లేదు.

అమెరికాలో ఉన్న మీ చిన్నాయన కొడుకు ట్రస్టుకు పంపాలనుకుంటే పాస్‌పోర్టు చూడండి. ఇండియా పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే ఆ ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి.

నారాయణపేట అక్క

నేను తీసుకున్న వైపు నుంచి చెప్తాను. మా అమ్మా నాన్నా ఏటా పుణె వలస వెళ్లేవారు, నేను అమ్మమ్మ దగ్గర పెరిగాను. వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో ఉన్న పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్ ఎంట్రన్స్ రాసి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరాను. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. మా ఊరి టీచర్ గారి స్నేహితుడొకాయన నాకు నెలకు 1,500 పంపేవారు. ఐదో తేదీ దాటేది కాదు. ఆ తేదీ నమ్మి నేను మెస్‌లో చేరాను. నెల తప్పి 5 వేలు ఒకేసారి వచ్చినా ఆ ధైర్యం వచ్చేది కాదు.

ఆయన ప్రతి సెమిస్టర్‌కు మెమో ఫొటో అడిగేవారు. మంచి మనసుతోనే అడిగారు. కానీ మ్యాథ్స్‌లో బ్యాక్‌లాగ్ వచ్చినప్పుడు డబ్బు ఆపేస్తారని రెండు నెలలు ఫోన్ ఎత్తలేదు. ఆయన ఆపలేదు, ఐదో తేదీకి పంపుతూనే ఉన్నారు. అన్నా, మొదటి రోజే చెప్పండి, తప్పినా ఆపనని. మార్కులు తర్వాత అడగండి, ముందు తిన్నావా అని అడగండి.

దరఖాస్తులు కూడా పక్కన కూర్చుని పెట్టించండి. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చిన పిల్లలకు కేంద్రం స్కాలర్‌షిప్ డిగ్రీలో ఏడాదికి 12 వేలు ఉంది, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షలలోపు ఉండాలి. టెక్నికల్ కోర్సుల్లో చేరిన ఆడపిల్లలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు. అందరికీ రాదు, మెరిట్ చూస్తారు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి ఆదాయం సర్టిఫికెట్ సమయానికి అందలేదు. తహసీల్దార్ ఆఫీసుకు తీసుకెళ్లే పెద్దమనిషి లేక, అంతే.

చందంపేట రోడ్డు

సార్, అక్కా, అకౌంట్స్ అన్నా, అందరికీ దండాలు. మీరు రాసినవి అమ్మకు చదివి వినిపించాను. ఆ 14 వేల సంగతి రెండుసార్లు చదివించుకుంది.

ఇద్దరు పిల్లలకు పది నెలలు 1,500 చొప్పున 30 వేలు. తేదీ ఐదే పెట్టుకుంటాం. మిగతా 30 వేలు పరీక్ష ఫీజులకు, మెమోలకు, మగపిల్లల బస్ పాసులకు. తప్పినా ఆపం. స్టేజీ వద్దు. తమ్ముడు ఇంకా ఇండియా పాస్‌పోర్టు మీదే ఉన్నాడు, వాడిచ్చేది కూడా ఈ రెండో సగంలోనే కలుపుతాం.

సార్, నాయన పనిచేసిన కాలేజీలో ఇప్పుడున్న అటెండర్‌తో నిన్న ఫోన్లో మాట్లాడాను. కొత్తగా వచ్చిన అబ్బాయి. నేను విషయం చెప్పగానే "అన్నా, ఇప్పుడే ముగ్గురున్నారు" అన్నాడు. ఈ ఆదివారం దేవరకొండ వస్తున్నాను. వీలైతే మీరూ రండి. అమ్మ కూడా వస్తానంటోంది.